బీడీలు చేసే ఆడవాళ్లను సర్వే చేయాలంటే ఎలా?

నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు బీడీలు చేసేది ఎక్కువగా ఆడవాళ్లే, అదీ ఇంటి దగ్గరే. వాళ్ల పని గురించి తెలుసుకోవాలంటే ఇంట్లోకే వెళ్లాలి. అక్కడ నోరు జారితే నష్టపోయేది మనం కాదు, వాళ్లు.

1. టేకేదారును, అంటే బీడీ కంపెనీ తరఫున పని ఇచ్చే కాంట్రాక్టరును, వెంట తీసుకెళ్లకండి. ఇల్లిల్లూ తెలిసిన మనిషే, నిజమే. కానీ ఆకు, తంబాకు తూచి ఇచ్చేదీ, బీడీలు బాగాలేవని పక్కన పడేసేదీ ఆయనే. ఆయన ముందు "ఆకు సరిపోతోందా అక్కా?" అంటే "అంతా మంచిగనే ఉంది సార్" అనే అంటారు. మహిళా సంఘం వాళ్లను అడిగి దారి కనుక్కోండి. ఇల్లు చూపించాక వాళ్లనూ పంపించేయండి.

2. కాగితాలు తీయకముందే "ఈ సర్వేతో పింఛను రాదు, పోదు" అని చెప్పండి. తెలంగాణలో 2015 నుంచి బీడీ కార్మికులకు పింఛను ఉంది, 2019లో అది నెలకు 2,016 రూపాయలైంది. కొత్త మనిషి వచ్చి పేరు రాసుకుంటే టెన్షన్ పడకుండా ఎలా ఉంటారు? ఆధార్ అసలు అడగొద్దు. చదువు రాని వాళ్ల చేత వేలిముద్ర కూడా వేయించొద్దు, నోటితో సరే అంటే చాలు. వద్దంటే లేచి వచ్చేయండి.

3. "రోజుకు ఎన్ని బీడీలు చేస్తారు?" అని అడిగితే తప్పుడు లెక్క వచ్చే అవకాశం ఎక్కువ. పీఎఫ్ కార్డు అత్త పేరు మీద ఉండొచ్చు, చుట్టేది కోడలు కావచ్చు. కార్డు పోతుందేమోనని కార్డులో ఉన్న లెక్కే చెబుతారు. దాన్ని అబద్ధం అనకండి, అది వాళ్ల జాగ్రత్త. కార్డు ఊసెత్తకుండా పనిని విడగొట్టి అడగండి: ఆకు కత్తిరించేదెవరు, చుట్టేదెవరు, దారం కట్టేదెవరు, కొనలు మడిచేదెవరు? చివరి ప్రశ్నకు బడికెళ్లే పిల్ల పేరు రావచ్చు. అప్పుడేం చేయాలో ఊరికి బయల్దేరకముందే మీ బృందమంతా కూర్చుని తేల్చుకోండి.

4. ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే చాటను పక్కన పెట్టమని అడగొద్దు. కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది, చేతులు ఆగితే డబ్బు ఆగుతుంది. చేస్తూనే మాట్లాడనివ్వండి. కార్ఖానాకు బీడీలు అప్పజెప్పే వేళ అసలు వెళ్లకండి.

5. రిపోర్టులో పేరు తీసేస్తే సరిపోదు. "పోస్టాఫీసు పక్కింటి, ఇద్దరు కూతుళ్లున్న వితంతువు" అని రాస్తే ఊరంతా గుర్తుపడుతుంది, టేకేదారు అందరికంటే ముందు. ఊరి పేరు, వయసు, ఇంటి గుర్తులు మార్చండి. అచ్చుకు ఇచ్చే ముందు ఎవరి మాటలు వాళ్లకు తెలుగులో చదివి వినిపించి, తీసేయమన్నవి తీసేయండి.