సర్వేకి పోయినప్పుడు తాళం వేసిన ఇంటిని వదిలేయొద్దండి

కర్నూలు జిల్లా పడమటి పక్క, కోసిగి, ఆదోని, మంత్రాలయం వైపు ఎస్సీ కాలనీల్లో రక్తహీనత మీద సర్వే చేయాలనుకునే పిల్లల కోసం ఇది రాస్తున్నా.

మొదట సీజన్ చూసుకోండి. సంక్రాంతి దాటినాక పోయినారంటే వీధిలో ఎటు చూసినా తాళాలే, అందరూ గుంటూరు పక్క మిరప కోతలకి వలస పోయింటారు, ఉండేది ముసలోళ్లు, వాళ్ల దగ్గర వదిలిపెట్టిన పిల్లోళ్లు. ఫారంలో ‘ఇంట్లో లేరు’ అని రాసేసి పక్కింటికి పోతే, ఎక్కువ కష్టంలో ఉండే కుటుంబాలే మీ లెక్కలోంచి జారిపోతాయి, ఊరు ఉన్నదానికంటే ఆరోగ్యంగా కనపడతాది. ఆ డోర్ నంబర్లు విడిగా రాసి పెట్టుకోండి, వాళ్లు తిరిగొచ్చినాక మళ్లీ పోండి, ఎన్నిసార్లయినా సరే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల ఆడోళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అది రాష్ట్రం మొత్తం మీద లెక్క, మీ కాలనీ సంగతి అందులో దొరకదు, అందుకే ఇల్లిల్లూ తిరిగేది.

కులం అడగాల్సిందే, అడక్కపోతే తేడా ఎట్లా తెలుస్తాది, కానీ నలుగురి ముందర అరుగు మీద కూర్చోబెట్టి అడగొద్దు. ఊరి పెద్దమనిషిని వెంటేసుకుని పోవద్దు, ఆయన ముందు ఎవరూ నోరిప్పరు. సర్వే ఎందుకో చదివి వినిపించి, ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదని చెప్పినాకే వేలిముద్ర.

ఐరన్ మాత్రలు వేసుకుంటున్నారా అంటే అందరూ ఊ అంటారు. షీట్ చూపించమనండి. ఒక గర్భిణి గూట్లోంచి తీసి చూపించింది, పది మాత్రల్లో ఒక్కటే ఖాళీ. ‘తెల్లారకముందే కూలి ఆటో ఎక్కాలక్కా, పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పతాది, ఆటోలో వాంతి చేసుకుంటే అందరూ కసురుకుంటారు’ అనింది. మా ఫారంలో ఆమె కోసం ఉన్న గడి ‘అవగాహన లేదు’. ఎంత అన్యాయం అది! ఆ గడి కొట్టేసి, మాత్ర ఏ టైంకి, ఏం తిని వేసుకుంటారు అని పెట్టినాం, మీరూ అట్లే పెట్టండి. ఆస్పత్రి ఎన్ని కిలోమీటర్లు అని మాత్రమే కాదు, ఆటోకి ఎంత, ఆ రోజు కూలి ఎంత పోతాది, పిల్లోళ్లని ఎవరు చూసుకుంటారు, ఇవీ అడగండి.

హిమోగ్లోబిన్ గర్భిణికి 11, మామూలు ఆడోళ్లకి 12 గ్రాముల లోపుంటే రక్తహీనత కింద లెక్క. గర్భిణికి 7 లోపు వచ్చిందంటే ఫారం పక్కన పెట్టేసి ఆశా కార్యకర్తకి ఫోన్ చేయండి, ఆమెని ఆ రోజే ఆస్పత్రికి తీసుకుపోవాల, మిగతా ఇళ్లు రేపు చూసుకోవచ్చు.