కళ్లకు కనిపించే మాట టూల్‌కు దొరకకపోతే

హనుమకొండలో కూర్చుని నా పనికోసం రాసుకున్న చిన్న పైథాన్ టూల్ ఒకటుంది. యాప్‌లలో వాడే తెలుగు మాటల ఫైళ్లు చదివి ఏ మాట తప్పిపోయిందో, ఏది రెండుసార్లు వచ్చిందో చెబుతుంది. నా ల్యాప్‌టాప్‌లో బాగానే నడిచేది. దోస్తులకు ఇచ్చాక ఫోన్లు మొదలయ్యాయి. వాటిలో నా లెక్క తప్పినవి చాలా తక్కువ. ఫైలు లోపలికి వచ్చే చోట, జవాబు బయటికి వెళ్లే చోట తన్నినవే ఎక్కువ.

సమస్య: ఫైల్లో ఉన్న మాట వెతికితే దొరకదు

"అన్నా, వరంగల్ అని కండ్ల ముంగటనే ఉంది, నీ టూల్ జీరో అంటాంది" అని మడికొండ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. నేనూ చూశాను, నిజమే.

ఇలాంటప్పుడు కోడ్ తెరవకండి. ముందు ఆ మాట పొడవు ప్రింట్ చేయండి. 'వరంగల్' అంటే యూనికోడ్‌లో (ప్రతి అక్షర గుర్తుకూ ఒక నంబరిచ్చే పద్ధతి) 6 గుర్తులు: వ, ర, సున్న, గ, ల, పొల్లు. అతని ఫైల్లో 7 వచ్చాయి. ఆ ఏడోది జీరో విడ్త్ నాన్ జాయినర్, నంబరు 200సి. పొల్లు తర్వాత వచ్చే హల్లు వత్తుగా మారకుండా ఆపడం దాని పని. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటలో అది కావాలి. మాట చివర దానితో పనిలేదు, కానీ కొన్ని కీబోర్డులు, పాత ఫాంట్ల నుంచి మార్చే కన్వర్టర్లు అక్కడ కూడా దాన్ని వదిలేస్తాయి. కంటికి కనబడదు.

ఇంకో దొంగ ఐత్వం. 'రైతు'లోని ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వం కింద ఐత్వపు గుర్తు పెట్టి రెండుగానూ రాయొచ్చు. తెరమీద రెండూ ఒకటే, టూల్‌కు వేరు.

పరిష్కారం: పోల్చే ముందు రెండు మాటలనూ ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి (విడి గుర్తులను కలిపి ఒకే తీరుగా రాసే యూనికోడ్ పద్ధతి) మార్చండి. దాంతో ఐత్వం సర్దుకుంటుంది. 200సి మాత్రం దానికి పోదు, విడిగా తీసేయాలి. ఇదంతా పోలిక కోసం చేసుకున్న కాపీలోనే. నేను మొదట తెలివి ఎక్కువై ఫైలునే శుభ్రం చేశాను. 'సాఫ్ట్‌వేర్'లన్నీ 'సాఫ్ట్వేర్'లై కూర్చున్నాయి. పాత కాపీలను దాచే గిట్ ఉండబట్టి బతికిపోయాను.

హనుమకొండ, హన్మకొండ గొడవ వేరు. 2021లో వరంగల్ అర్బన్ జిల్లా పేరు హనుమకొండగా మారింది, కానీ రాసేవాళ్లు రెండూ రాస్తారు. దీన్ని ఏ యూనికోడ్ మంత్రమూ సరిచేయదు. రెండు పేర్లనూ ఒకే ఊరికి కట్టే చిన్న పట్టిక పెట్టుకోండి.

సమస్య: విండోస్‌లో ఒక ఫైలు గజిబిజిగా వస్తుంది, ఇంకోటి ఎర్రర్ ఇస్తుంది

ఇది నన్ను చాలా తిప్పింది. 'కాజీపేట' ఒక్కటే ఉన్న ఫైలు పిచ్చి గుర్తులుగా తెరుచుకునేది. 'వరంగల్' ఉన్న ఫైలు డీకోడ్ ఎర్రర్‌తో ఆగిపోయేది. ఎన్‌కోడింగ్ (గుర్తులను బైట్లుగా దాచే పద్ధతి) చెప్పకుండా ఫైలు తెరిస్తే విండోస్‌లో పైథాన్ చాలాసార్లు 1252 అనే పాత పట్టికను వాడుతుంది. మా ఫైళ్లు ఉన్నది యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో. అందులో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు. పొల్లు చివరి బైటు, కొమ్ము చివరి బైటు ఆ పట్టికలో ఖాళీ గళ్లు. 'కాజీపేట'లో ఆ రెండూ లేవు, కాబట్టి తప్పు గుర్తులుగానైనా తెరుచుకుంది. 'వరంగల్'లో పొల్లు ఉంది, 'హనుమకొండ'లో కొమ్ము ఉంది, అందుకే ఎర్రర్.

పరిష్కారం: ఫైలు తెరిచే ప్రతిచోటా యూటీఎఫ్-8 అని రాయండి. ఒక్కచోట మరిచినా ఫోన్ వస్తుంది.

సమస్య: సీఎస్‌వీలో మొదటి కాలమ్ ఒక్కటే లేదంటుంది

ఎక్సెల్‌లో పట్టికను సీఎస్‌వీ (కాలమ్‌లను కామాలతో విడదీసే ఫైలు) యూటీఎఫ్-8గా సేవ్ చేస్తే ఫైలు మొదట్లో 3 బైట్ల ముద్ర పడుతుంది. అది మొదటి కాలమ్ పేరుకు అతుక్కుంటుంది. చదివేటప్పుడు ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8-సిగ్ అనండి. ముద్ర ఉన్నా లేకపోయినా నడుస్తుంది.

సమస్య: చేత్తో నడిపితే నడుస్తుంది, రాత్రి క్రాన్‌లో నడవదు

క్రాన్ అంటే చెప్పిన టైముకు ప్రోగ్రాములను తనంతట తానే నడిపేది. దానికి మీ టెర్మినల్ సెట్టింగులు తెలియవు. పాత్ (ప్రోగ్రాముల కోసం వెతికే ఫోల్డర్ల జాబితా) పొట్టిగా ఉంటుంది, మొదలయ్యేది హోమ్ ఫోల్డర్ నుంచి. పైథాన్‌కూ ఫైళ్లకూ పూర్తి దారి రాయండి, ఎర్రర్లను ఒక లాగ్ ఫైల్లోకి మళ్లించండి. తెల్లారి కారణం అందులోనే ఉంటుంది.

సమస్య: రిపోర్టులో కాలమ్‌లు వంకర

'వరంగల్' కంటికి 4 అక్షరాలు, పైథాన్‌కు 6, డిస్క్ మీద 18 బైట్లు. ఖాళీలు నింపేటప్పుడు పైథాన్ 6 అని లెక్కేస్తుంది. అక్షరాలను లెక్కగట్టే కోడ్ నేనూ రాశాను. ఒక టెర్మినల్‌లో కుదిరింది, ఇంకోదాంట్లో మళ్లీ వంకర, ఎందుకంటే వెడల్పు ఫాంటును బట్టి మారుతుంది. చివరికి ఆ కోడంతా తీసేసి, లైన్ నంబరు, ఫైలు పేరు ముందు పెట్టి, తెలుగు మాటను ఆఖరి కాలమ్‌కు తోసేశాను. దాని తర్వాత ఏమీ లేదు కాబట్టి అది ఎంత వెడల్పున్నా ఎవరికీ అడ్డం కాదు.