సింగపూర్‌లో హైరాక్స్: ముందు పోటీ, తర్వాతే ఊరు

విమానం టికెట్టు కొనేముందు ఒక తెల్ల కాగితం తీసుకుని, మధ్యలో పోటీ తేదీ రాయండి. దానికి పైన రెండు రాత్రులు, కింద మూడు రాత్రులు గీయండి. చూడాల్సిన ఊరంతా కింది గీతల్లోనే పడాలి. పై రెండు గీతల్లో నిద్ర, తిండి, కొద్దిపాటి నడక తప్ప ఇంకేమీ రాయకండి. మిగతా ఏర్పాట్లన్నీ ఈ కాగితం చెప్పినట్లే జరగాలి.

నేను హనుమకొండలో ప్రభుత్వ జూనియర్ కళాశాలలో గణితం చెబుతాను. వయసు 44. మా ఆడపడుచు నాకంటే ఆరేళ్లు చిన్నది. 2025లో పరుగూ వ్యాయామాలూ కలిసిన ఈ హైరాక్స్ పోటీ మొదటిసారి ముంబైకి వచ్చినప్పుడు నేను ఒంటరిగా పాల్గొన్నాను. ఆ తర్వాత ఇద్దరం కలిసి సింగపూర్‌లో మహిళల డబుల్స్‌కు వెళ్లాం. మొదటి పోటీనే విదేశంలో పెట్టుకోవద్దని ఎవరడిగినా చెబుతాను. దేశంలో ఒకసారి పాల్గొంటే పోటీ పద్ధతి ఒంటబడుతుంది. అప్పుడు పరాయి ఊళ్లో కొత్తగా నేర్చుకోవాల్సింది ఆ ఊరు మాత్రమే అవుతుంది.

తెలియనివారి కోసం రెండు మాటలు. 2017లో జర్మనీలోని హాంబర్గ్‌లో పుట్టిన పోటీ ఇది. ఒక కిలోమీటరు పరుగు, వెంటనే ఒక వ్యాయామం. ఇలా ఎనిమిది సార్లు. వరస ఎక్కడైనా ఒకటే: స్కీ యంత్రం (తాళ్లను పైనుంచి కిందికి లాగేది) మీద 1000 మీటర్లు, స్లెడ్ (తివాచీ మీద జారే, బరువులు పెట్టిన బండి) తొయ్యడం 50 మీటర్లు, స్లెడ్ లాగడం 50, బర్పీ (నేలకు వాలి మళ్లీ లేవడం) వేస్తూ ముందుకు గెంతడం 80, రోయింగ్ (పడవ తెడ్డు వేసినట్లు కూర్చుని లాగే యంత్రం) 1000, రెండు చేతుల్లో బరువులతో నడక 200, భుజాన ఇసుక సంచితో లంజెస్ (అడుగడుగుకూ మోకాలు నేలకు వంచే నడక) 100 మీటర్లు, చివరగా గోడకు బంతి విసరడం 100 సార్లు. ఏ దేశం వెళ్లినా ఇవే దూరాలు, ఇవే బరువులు కాబట్టే పోటీ కోసం ఊరు ఎంచుకునే వీలు మనకు దొరుకుతుంది. మహిళల ఓపెన్‌లోనూ (ఒంటరిగా పాల్గొనే సాధారణ విభాగం) డబుల్స్‌లోనూ తొయ్యాల్సిన స్లెడ్ దాని బరువుతో కలిపి 102 కిలోలు, లాగాల్సింది 78, చేతి బరువులు ఒక్కోటి 16, ఇసుక సంచి 10, బంతి 4 కిలోలు. నిబంధనల పుస్తకం ఏటా మారుతుంది, ఆ ఏటిదే చదవండి.

సింగపూర్‌నే ఎందుకు ఎంచుకున్నామంటే, హైదరాబాద్ నుంచి నేరుగా నాలుగున్నర గంటల ప్రయాణం. గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. మెట్రో మీద పూర్తిగా ఆధారపడవచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా, పోటీ ముందు రాత్రి మనకు అలవాటైన తిండి దొరుకుతుంది. యూరప్ పోటీలు ఆకర్షణగా ఉంటాయి, కానీ షెంగెన్ వీసా అపాయింట్‌మెంటు కోసం ఎదురుచూస్తూ సాధన చేయడం మనసును తినేస్తుంది. మొదటి విదేశీ పోటీకి దగ్గరి దేశమే మంచిది.

పోటీ టికెట్టు త్వరగా అయిపోతుంది. ముందు అది చేతికి రావాలి, తర్వాతే మిగతావి. దరఖాస్తులో పేరు నింపేచోట మన తెలుగువాళ్లకు ఒక చిక్కు ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బయట మాత్రం ఒక పొడి అక్షరంతో సరిపెట్టుకుంటాం. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. పోటీ టికెట్టు, విమానం టికెట్టు, వీసా, మూడింటిలోనూ పాస్‌పోర్టులో ఉన్నట్లే అక్షరం పొల్లుపోకుండా రాయండి. పోటీ రోజు నమోదు బల్ల దగ్గర ఫొటో ఉన్న గుర్తింపు పత్రం అడుగుతారు. మన చేతిలో ఉండేది పాస్‌పోర్టే. దాని గడువు ప్రయాణం నాటికి ఇంకా ఆరు నెలలు ఉండాలి. నాలాంటి ప్రభుత్వ ఉద్యోగులైతే విదేశీ ప్రయాణానికి శాఖ అనుమతి కోసం రెండు నెలల ముందే దరఖాస్తు పెట్టాలి. ఫైలు కదలడానికి దాని వేగం దానికి ఉంటుంది, మన పోటీ తేదీ దానికి తెలియదు.

సింగపూర్ వీసా గుర్తింపు పొందిన ఏజెంట్ల ద్వారా తీసుకోవాలి. ప్రభుత్వ రుసుము 30 సింగపూర్ డాలర్లు, ఏజెంటు తన సేవకు అదనంగా తీసుకుంటారు. ప్రయాణానికి నెల రోజుల లోపు దరఖాస్తు చేయాలి. అంటే పోటీ టికెట్టు, విమానం టికెట్టు కొన్న చాలా రోజులకు గాని వీసా రాదు. అందుకే తేదీ మార్చుకునే వీలున్న విమానం టికెట్టు, ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న గది తీసుకున్నాం. కొద్దిగా ఎక్కువ ఖర్చయినా ఆ నెలంతా నిద్ర పట్టింది. బయల్దేరే ముందు మూడు రోజుల్లో సింగపూర్ రాక పత్రం కంప్యూటర్‌లో నింపాలి. ప్రభుత్వ వెబ్‌సైటులో అది పూర్తిగా ఉచితం. డబ్బు అడిగారంటే మీరు వేరే చోటికి వెళ్లారని అర్థం.

ప్రయాణ బీమాలో ఒక వాక్యం వెతకండి. చాలా పాలసీలు పోటీ క్రీడల్లో తగిలిన దెబ్బలకు వర్తించవు. మేము కొనే ముందే కంపెనీకి రాసి, ఇలాంటి పోటీకి వర్తిస్తుందని రాతపూర్వకంగా జవాబు తెప్పించుకున్నాం. నోటిమాటతో ఊరుకోవద్దు.

ఇక సాధన. హనుమకొండలో మా జిమ్‌లో స్లెడ్ లేదు. ఇసుక నింపిన గోనె బస్తాకు మోకు కట్టి కళాశాల మైదానంలో లాగేవాళ్లం. పాత ట్రాక్టర్ టైరును తోసేవాళ్లం. నెలకో ఆదివారం తెల్లవారుజామున హైదరాబాద్ వెళ్లి అసలు స్లెడ్ మీద సాధన చేసి వచ్చేవాళ్లం. స్లెడ్ బరువు అంకెను నమ్ముకోకండి. తివాచీ గరుకును బట్టి అదే 102 కిలోలు ఒకచోట జారుతుంది, మరోచోట నేలకు అతుక్కుంటుంది. కాబట్టి మీరు వెళ్లే పోటీ బరువు కంటే కొంత ఎక్కువే తోయడం అలవాటు చేసుకోండి. అడుగు పట్టు ఉన్న బూట్లు వేసుకోండి. ఆ బూట్లతో కనీసం ఆరు వారాలు పరుగెత్తి ఉండాలి.

డబుల్స్‌లో ఇద్దరూ పక్కపక్కనే పరుగెత్తాలి, వ్యాయామాలను మాత్రం పంచుకోవచ్చు. ఈ పంపకం ఇంట్లోనే తేల్చుకోవాలి. స్లెడ్ దారి 12.5 మీటర్లు, నాలుగు సార్లు వెళ్లాలి. మొదట ఒక్కో దారి ఒకరు చొప్పున అనుకున్నాం. రోయింగ్‌లో దిగి ఎక్కడానికి సమయం పోతుంది కాబట్టి చెరో 500 మీటర్లు. బంతి విసరడం పదేసి సార్లు. పరుగు వేగం మాత్రం ఇద్దరిలో నెమ్మదిగా ఉన్నవారిదే. మాలో అది నేను. నా కిలోమీటరు ఆరున్నర నిమిషాలు. మా ఆడపడుచు ఐదున్నరలో పరుగెత్తగలదు. ఆమె మిగిలించుకున్న శక్తిని స్లెడ్ దగ్గర వాడేలా వాటాలు మార్చుకున్నాం: తొయ్యడంలో మూడు దారులు ఆమెవి, ఒకటి నాది. మాకు ఎక్కువ మేలు చేసిన లెక్క ఇదే.

వాతావరణం గురించి కోస్తా వాళ్లకు పెద్దగా చెప్పక్కర్లేదు. సింగపూర్ భూమధ్యరేఖకు ఆనుకుని ఉంది, ఏడాది పొడవునా ఉక్కే. విశాఖ, కాకినాడ వాళ్ల ఒంటికి అది అలవాటే. మా ఓరుగల్లు ఎండ వేరు. నలభై మూడు డిగ్రీలున్నా చెమట ఆరిపోతుంది, అక్కడ ముప్పైకే ఒళ్లు తడిసి ముద్దవుతుంది. పోటీ పైకప్పు కిందే జరిగినా అంతమంది ఊపిరితో గాలి బరువెక్కుతుంది. చివరి మూడు వారాలు తలుపులు వేసిన గదిలో ఫ్యాను ఆపి వారానికి రెండుసార్లు నెమ్మదిగా సాధన చేశాం. ఎప్పుడూ ఇద్దరం కలిసే, నీళ్లు పక్కన పెట్టుకునే. తల తిరిగితే వెంటనే ఆపేయాలి.

నిద్రను కూడా ముందే జరపాలి. అక్కడ ఉదయం ఐదున్నరకు లేవడమంటే మన గడియారంలో మూడు గంటలు. బయల్దేరే ముందు వారం రోజులు రోజుకు ఇరవై నిమిషాలు ముందుగా పడుకుని ముందుగా లేచాం.  రాత్రి పదకొండుకు హైదరాబాద్‌లో ఎక్కితే అక్కడ ఉదయం ఆరుకు దిగుతారు, ఆ రాత్రి నిద్ర లెక్కలోకి రాదు. పోటీకి ముందు రెండు పూర్తి రాత్రులు అక్కడ పడుకోవాలని నేను పట్టుబట్టేది అందుకే.

పోటీ బట్టలు, బూట్లు, మోకాలి పట్టీలు చేతి సంచిలోనే ఉండాలి. పెద్ద పెట్టె ఆలస్యంగా వచ్చినా పోటీ ఆగదు. ఓఆర్‌ఎస్, ప్రోటీన్ పొడులు అసలు ప్యాకెట్లలోనే తీసుకెళ్లండి. డబ్బాల్లో పోసిన తెల్లపొడికి విమానాశ్రయంలో వివరణ ఇచ్చుకోవడం ఎందుకు? మందుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. కోడీన్ ఉన్న దగ్గుమందు, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలకు సింగపూర్‌లో ముందస్తు అనుమతి కావాల్సి రావచ్చు. ఇంట్లో ఉన్న మందుల డబ్బాను అలాగే సర్దేయకండి. చూయింగ్ గమ్ అసలే వద్దు. నెలసరి తేదీలు పోటీ దగ్గర పడేలా ఉంటే, మాత్రలు వాడాలో వద్దో రెండు నెలల ముందే డాక్టరుతో మాట్లాడండి. ఆఖరి వారంలో కొత్త మందు మొదలుపెట్టవద్దు.

మా పోటీ నేషనల్ స్టేడియంలో జరిగింది. గది లిటిల్ ఇండియా అనే భారతీయుల పేటలో తీసుకున్నాం. అక్కడి మెట్రోలో ఒక్క స్టేషను వెళ్లి ధోబీ ఘాట్‌లో దిగి, సర్కిల్ లైను ఎక్కితే స్టేడియం స్టేషన్‌లోనే దిగవచ్చు. పోటీ చోటు పక్కనే ఉన్న హోటలు కంటే తిండి దొరికే పేటే మేలని నా అభిప్రాయం. కొన్నిసార్లు పోటీ విమానాశ్రయం వైపు ఎక్స్‌పో హాళ్లలో పెడతారు, అప్పుడు దారి మారుతుంది. గది తీసుకునే ముందు చోటు సరిచూడండి. ఆదివారం మొదటి రైలు ఆలస్యంగా మొదలవుతుంది. తెల్లవారుజామున బయల్దేరాల్సి వస్తే టాక్సీకి డబ్బు పక్కన పెట్టుకోండి.

ఏ రోజు పాల్గొంటామో టికెట్టు మీద ఉంటుంది గాని, ఏ గంటకు బయల్దేరాలో పోటీ వారంలోనే తెలుస్తుంది. ఆ రోజుకు వేరే ఏ టికెట్టూ కొనకండి. చూడటానికి వచ్చే ఇంటివాళ్లకు ప్రేక్షకుల టికెట్టు వేరుగా కొనాలి.

ముందు రోజు సాయంత్రం మా ఆడపడుచు కిటికీ దగ్గర నిలబడి, "వదినా, గార్డెన్స్ బై ద బే దీపాలు ఒక్కసారి చూసొద్దామా? గంటలో వచ్చేద్దాం" అంది. ఆ గంట మూడు గంటలవుతుందని ఇద్దరికీ తెలుసు. "ఎల్లుండి నువ్వు చాలనేదాకా నిలబడతానమ్మా, ఈ రాత్రి వద్దు" అన్నాను. సెరంగూన్ రోడ్డులో ఏడు గంటలకే అన్నం, పప్పు, పెరుగు తిని కాళ్లు గోడకు ఆనించి పడుకున్నాం. పచ్చళ్లు, వేపుళ్లు ముట్టుకోలేదు.

ఉదయం హోటళ్లు తెరవకముందే తినాలి. ఇంటి నుంచి అటుకులు, బెల్లం, చిన్న కెటిల్ తీసుకెళ్లాం. అక్కడి ప్లగ్గుకు మూడు చదరపు పిన్నులు, అడాప్టరు తప్పనిసరి. బయల్దేరే వేళకు రెండున్నర గంటల ముందు బెల్లం అటుకులు, అరటిపండు. సాధన చేసిన ప్రతి ఆదివారం తిన్నది అదే. కుళాయి నీళ్లు నేరుగా తాగవచ్చు. మెట్రోలో మాత్రం నీళ్లు తాగినా జరిమానా పడవచ్చు, తాగాల్సినవి స్టేషను బయటే తాగండి.

లోపల ఒక్క విషయం మరచిపోవద్దు. కిలోమీటరుకు ఎన్ని చుట్లన్నది స్టేడియాన్ని బట్టి మారుతుంది, లెక్కపెట్టుకోవాల్సిన బాధ్యత మనదే. ముంబైలో నేను లెక్క తప్పి ఒక చుట్టు ఎక్కువ పరుగెత్తాను. తక్కువ పరుగెత్తి ఉంటే శిక్ష పడేది. సింగపూర్‌లో ఒక్కో చుట్టుకు ఇద్దరం గట్టిగా అంకె చెప్పుకున్నాం: ఆమె "ఒకటి" అంటే నేను "ఒకటి" అనాలి. తివాచీ మా మైదానం కంటే గరుకు. మూడో దారిలో స్లెడ్ ఆగిపోయింది. ఆమె కిందికి వంగి, మోచేతులు లోపలికి ముడిచి, చిన్న చిన్న అడుగులతో మళ్లీ కదిపింది. మొదలు పెట్టిన గంటా ఇరవై ఏడు నిమిషాలకు ఆఖరి బంతి నా చేతిలోంచి వెళ్లింది.

ముగిశాక వెంటనే కూర్చోకండి. పది నిమిషాలు నడవండి, ఓఆర్‌ఎస్ తాగండి, పొడి బట్టలు మార్చుకోండి. ఆ రాత్రే తిరుగు విమానం ఎక్కవద్దు. అలసిన కాళ్లతో ఇరుకు సీట్లో గంటల తరబడి కూర్చుంటే పాదాలు వాస్తాయి. మేము మర్నాడు ఉదయం సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ గుడికి నడిచి వెళ్లాం. ధ్వజస్తంభం దగ్గర మెట్లు దిగేటప్పుడు ఇద్దరం ఒకరి భుజం ఒకరు పట్టుకోవాల్సి వచ్చింది. సాయంత్రం దీపాల తోటకు వెళ్లాం. ఆమె చాలనేసరికి రాత్రి తొమ్మిదిన్నర.