స్లాబు పోసే ముందే సోలార్ సంగతి తేల్చుకోండి

మన కోనసీమలో ఇంటికి గది పెంచే పనులు సంక్రాంతి వెళ్లాకే మొదలవుతాయి. ఉగాది దాటేసరికి వీధికో సెంట్రింగ్ కనపడుతుంది. ఈమధ్య అందరూ "పనిలో పనిగా పైన సోలార్ కూడా పెట్టించేద్దాం" అంటున్నారు. మంచిదే. కానీ గది అయిపోయి, రంగులు కూడా వేశాక అప్పుడు సోలార్ వాళ్లకి ఫోన్ చేస్తున్నారు, అక్కడే వస్తోంది తంటా. నేనూ అదే చేశాను. వచ్చిన కుర్రాళ్లు కొత్త స్లాబుకి డ్రిల్లు పెట్టి, ప్యానెళ్ల ఫ్రేముకుండే ఆరు కాళ్లకి ఇరవై నాలుగు బెజ్జాలు కొట్టి, బోల్టులు బిగించి, సాయంత్రానికల్లా వెళ్లిపోయారు. జూలైలో ముసురు పట్టిన మూడో రోజు ఫ్యాను కొక్కెం పక్కన అరచేయంత చెమ్మ. మేస్త్రిని పిలిస్తే పైకి ఓసారి చూసి, "స్లాబుకి చిల్లులు పెట్టించుకుని నన్నడుగుతారేంటండీ" అన్నాడు. ఏం చెప్తాం.

అందుకే స్లాబు పోసే ముందే సోలార్ అతన్ని, తాపీ మేస్త్రిని ఒకే రోజు రప్పించి ఎదురెదురుగా నిలబెట్టండి. కాళ్లు ఎక్కడొస్తాయో స్లాబు ఊచలు కట్టేటప్పుడే గుర్తు పెట్టుకుని, ఆ ఊచలకే కట్టి అడుగెత్తు కాంక్రీటు దిమ్మెలు లేపి, వాటిలోనే బోల్టులు నిలబెట్టి పోయించుకుంటే తర్వాత ఒక్క బెజ్జం కొట్టక్కర్లేదు. పైనుంచి మీటరు దాకా పైపులు కూడా అప్పుడే గోడలో వేయించండి. ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీ వైరుకి ఒకటి, ఆ డీసీని ఇంటికి పనికొచ్చే ఏసీ కరెంటుగా మార్చే పెట్టె, అదే ఇన్వర్టర్, దాని నుంచి మీటరుకి వెళ్లే వైరుకి ఇంకొకటి. రెండూ ఒకే పైపులో దూరుస్తానంటే ఒప్పుకోకండి. దిమ్మెలు వాననీటి తూముకి అడ్డం రాకుండా కూడా చూసుకోండి.

ఇంకో మాట, మన నల్లమట్టి నేలలో పాత ఇంటికి ఆనించి కట్టిన గది మొదటి ఒకటి రెండేళ్లలో కొంచెం కుంగుతుంది, ఆ అతుకు దగ్గర బీట చూడని ఇల్లు మా వైపు తక్కువ. కాబట్టి కాళ్లు సగం పాత డాబా మీద, సగం కొత్త గది మీద పెట్టనివ్వకండి. గది కుంగితే ఫ్రేము మెలి తిరిగి అద్దాల మీద పడుతుంది భారం.

బరువు గురించి అందరూ భయపడతారు గానీ అసలు భయం గాలిది. 3 కిలోవాట్లంటే ఆరు ప్యానెళ్లు, ఒక్కోటి పాతిక ముప్పై కిలోలు, ఆ మాత్రం స్లాబుకి లెక్కే కాదు. అదే తుపాను గాలి కింద నుంచి దూరిందంటే ఆరూ కలిసి తెరచాపలా లేస్తాయి. 1996 నవంబర్ 6 రాత్రి తుపానుకి కొబ్బరి తోటలు ఎలా పడుకున్నాయో ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. మొన్న 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటింది కూడా మన నర్సాపురం దగ్గరే. తీరం వెంబడి కట్టడాలకి గంటకు 180 కిలోమీటర్ల గాలిని లెక్కలోకి తీసుకుంటారు, "మీ ఫ్రేము దానికి ఆగుతుందా" అని అడిగి కాగితం మీద రాయించుకోండి. కింద వడియాలు ఎండబెట్టుకోవచ్చని పదడుగుల ఎత్తు లేపిస్తున్నారు కొందరు. నా మాట వింటే పిట్టగోడ ఎత్తు దాటనివ్వకండి. ప్యానెల్ అంచుని క్లిప్పులతో పట్టించి వదిలేయకుండా, వెనక ఫ్రేముకుండే బెజ్జాల్లోంచి కూడా బోల్టు వేయించండి. ఉప్పుగాలికి మామూలు బోల్టులు రెండేళ్లలో తుప్పు పట్టిపోతాయి, అవి స్టెయిన్‌లెస్ స్టీలువే ఉండాలి.

నీడ సంగతి. వాస్తు ప్రకారం ట్యాంకు నైరుతిలోనే పెడతాం కదా, మధ్యాహ్నం దాటాక దాని నీడ తిన్నగా ప్యానెళ్ల మీదకే వస్తుంది. ఒక ప్యానెల్ మీద మూల నీడ పడినా ఆ వరస మొత్తం కరెంటు తగ్గొచ్చు. వాస్తుతో గొడవెందుకు, ప్యానెళ్లని దక్షిణం పిట్టగోడ వైపుకి, ట్యాంకుకి దూరంగా జరిపేయండి. నీడ చూడాల్సింది మే నెల ఎండలో కాదు, ధనుర్మాసం ఎండలో. అప్పుడు సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు, కొబ్బరి చెట్ల నీడలు సాగుతాయి. ఇప్పుడే కట్టుకుంటున్నవాళ్లు కనీసం దక్షిణం వైపు ఏ చెట్టుందో, అది ఎవరిదో చూసుకోండి.

కాగితాల పని చిన్నదే. ఇంటి మీద సోలార్‌కి కేంద్రం పెట్టిన పీఎం సూర్యఘర్ పథకం కింద 2 కిలోవాట్లకి 60,000, 3 ఆపైన ఎంత పెట్టినా 78,000 రూపాయలు సబ్సిడీ, అదీ బిగించి నెట్ మీటర్ (మనం వాడిన కరెంటు, లైనుకి పంపిన కరెంటు రెండూ లెక్కపెట్టే మీటరు) పెట్టాక ఖాతాలో పడుతుంది. మీటరు ఇంకా తాతగారి పేరు మీదే ఉంటే ముందు అది మార్పించండి. కొత్త గదిలో ఏసీ పెట్టే ఆలోచన ఉంటే అది కూడా కలిపి లెక్క వేయించండి. కిలోవాట్‌కి మంచి ఎండ రోజు నాలుగు యూనిట్లు వస్తే గొప్ప, ముసురు రోజుల్లో అంత ఆశించకండి.

చాలామందికి తెలియనిది ఒకటుంది. బ్యాటరీ లేని మామూలు సోలార్, లైన్లో కరెంటు పోతే తనూ ఆగిపోతుంది. లైన్‌మన్‌కి షాక్ కొట్టకుండా అలా పెట్టారు. తుపాను తర్వాత నాలుగు రోజులు కరెంటు లేనప్పుడు పైన ఎండ కాస్తున్నా కింద చీకటే. అది వద్దనుకుంటే మొదట్లోనే బ్యాటరీ పెట్టే రకం ఇన్వర్టర్ తీసుకోండి, ఖర్చు ఎక్కువే. ఏ ఇన్వర్టరైనా వరద నీటి గుర్తుకి పైన బిగించాలి. లంకల్లో వాళ్లకి 2022 జూలై గీత ఇంకా గోడ మీద ఉండే ఉంటుంది, దానికి రెండడుగులు పైన.

అక్టోబర్ రాకముందు బోల్టులన్నీ ఒకసారి బిగింపించి, ఫోటోలు తీసి పెట్టుకోండి. తుపాను హెచ్చరిక రాగానే ముందు ఇన్వర్టర్ నుంచి మీటరుకి వెళ్లే వైరు స్విచ్ (ఏసీ స్విచ్), తర్వాత ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీ స్విచ్ ఆపండి, అంతే తప్ప గాలిలో తాళ్లు కట్టడానికి మేడెక్కకండి. వెలిశాక కొబ్బరి మట్ట పడి అద్దం పగిలి ఉంటే ఆ మట్టని లాగేద్దామనిపిస్తుంది. పగిలిన ప్యానెల్ కూడా ఎండ తగిలితే కరెంటు ఇస్తుంది, అందులోనూ అంతా తడి. మట్టని అలాగే వదిలేసి సోలార్ వాళ్లు వచ్చాకే తీయించండి.