బ్రెటన్ నిఘంటువులో మాట దొరకాలంటే

‘తల్లిదండ్రులు’లో రెండో సగానికి అర్థం చూడాలంటే నిఘంటువులో ‘ద’ తీయం, ‘త’ తీస్తాం. ఫ్రాన్స్ పడమటి కొసన, బ్రిటనీలో మాట్లాడే బ్రెటన్‌లో ఈ పని వాక్యం వాక్యానికీ పడుతుంది. చిత్రంగా అక్కడా తండ్రిని ‘తాద్’ అంటారు. ‘ఎ దాద్’ అతని తండ్రి, ‘హె జాద్’ ఆమె తండ్రి. నిఘంటువులో ఉండేది మాత్రం తాద్ ఒక్కటే.

అందుకని మాట కంటే ముందు దాని పక్కనున్న చిన్న మాటను చూడండి. ఎ (అతని), ద (నీ) ఉంటే పి, టి, కె పోయి బి, డి, జి వస్తాయి. మన సరళాదేశం లాంటిదే. హె (ఆమె), మ (నా), ఓ (వాళ్ల) ఉంటే అవే ఎఫ్, జెడ్, సి-అపాస్ట్రఫీ-హెచ్ (c'h, మూడు గుర్తులూ కలిసి ఒకే అక్షరం) అవుతాయి. హో (మీ) తర్వాత అంతా తలకిందులు: ‘బ్రోర్’ అంటే సోదరుడు, మీ సోదరుడు ‘హో ప్రోర్’. ఎల్, ఎన్, ఆర్‌లతో మొదలయ్యే మాటలు మారవు, వాటితో పేచీ లేదు.

ఎక్కువమంది తప్పిపోయేది ‘వి’ దగ్గర. బి, ఎమ్ రెండూ మెత్తబడితే ‘వి’ అవుతాయి. ‘అర్ వాగ్’ అంటే పడవ (‘అర్’ ఇంగ్లిష్ ‘ది’ లాంటిది), బి కింద ఉంటుంది; ‘ఎ వమ్’ అంటే అతని అమ్మ, ఎమ్ కింద ఉంటుంది. రెండుచోట్లా చూడాల్సిందే. డబ్ల్యూతో మొదలైతే జి-డబ్ల్యూ కింద చూడండి. సి-అపాస్ట్రఫీ-హెచ్ కనిపిస్తే ముందు కె, తర్వాత జి. రెంటిలోనూ లేకపోతే అది అసలు అక్షరమే అయి ఉండొచ్చు, ‘సోదరి’కి మాట అలాంటిదే. ఈ అక్షరానికి వరుసలో సొంత చోటుంది: బి, తర్వాత సి-హెచ్, తర్వాత ఇది, ఆపైన డి. ఒంటరి సి, క్యూ ఇప్పటి వర్ణమాలలో లేవు.

పాత పుస్తకాల్లో మాత్రం ఉంటాయి. కె వాడుకను స్థిరపరచింది లె కాంకెలో పుట్టిన లె గోనిదెక్ (1775–1838). ఆయన వ్యాకరణం 1807లో, నిఘంటువు 1821లో వచ్చాయి. అంతకు ముందటి అచ్చయితే కె మాటను సి, క్యూల కింద కూడా వెతకండి.

తర్వాతి పుస్తకాల్లో చిక్కు మాట చివర ఉంటుంది. 1941 నాటి ఉమ్మడి వర్ణక్రమం ‘బ్రిటనీ’ పేరును జెడ్-హెచ్‌తో ముగిస్తుంది, ఎందుకంటే బ్రిటనీలోని వాన్ ప్రాంతం వాళ్లు అక్కడ ‘హ’ పలుకుతారు, మిగతావాళ్లు ‘జ’. మతగురువు, భాషావేత్త ఫ్రాన్స్వా ఫాల్హున్ (1909–1991) పేరుతో ముడిపడిన 1955 నాటి పద్ధతిలో ఉత్త జెడ్ ఉంటుంది. ‘మంచి’ అనే మాట ఉమ్మడి పద్ధతిలో ‘మాట్’, ఫాల్హున్ పద్ధతిలో ‘మాడ్’. కనక నిఘంటువు ముందుమాటలో ఏ వర్ణక్రమమో చూశాకే పేజీలు తిప్పండి.