పాత కారుకు కొత్త రంగు – 3వ పాఠం: సొట్ట, తుప్పు, లప్పం

రెండో పాఠంతో మన మారుతి 800 ఎడమవైపు మట్‌గార్డూ, ముందు తలుపూ విప్పి బల్ల మీదికి తెచ్చుకున్నాం. ఈసారి కూడా రంగు డబ్బా మూత తీసేది లేదు. పనంతా రేకు మీదే. "ఇంకెప్పుడండీ రంగు?" అని అందరూ విసుక్కునేది ఇక్కడే. రంగు కొట్టడం ఒక పూటలో అయిపోతుంది, దాని కింది పనికే వారాలు పడుతుంది. షాపువాడికి వెనక ఇంకో బండి కాచుకుని ఉంటుంది కాబట్టి వాడికి ఇంత తీరిక దొరకదు. ఇంట్లో చేసుకోవడంలో ఉన్న లాభమంతా ఈ తీరికే.

బండి సంగతి ఒక్కమాట. 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరి దాకా తయారైన కారు ఇది, ఇప్పటికీ చాలా ఇళ్ల ముందు కవరు కప్పుకుని కనిపిస్తుంది. ముందు మట్‌గార్డులు బోల్టులతో బిగించినవి కావడం నేర్చుకునేవాళ్లకు పెద్ద వరం. అయితే రేకు పల్చన, మిల్లీమీటరు లోపే. అంబాసిడర్ మీద చెయ్యి తిరిగినవాళ్లు ఇక్కడ సుత్తి బరువు తగ్గించుకోవాలి.

ముందు చేత్తో చూడాలి

రేకును సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. తర్వాత రంగుల షాపులో దొరికే వ్యాక్స్ రిమూవర్‌తో తుడవండి. చేతిలో రెండు గుడ్డలుండాలి. ఒకదాంతో తడిపి, అది ఆరేలోపే రెండోదాంతో లాగెయ్యాలి. ఒకే గుడ్డతో తుడిస్తే జిడ్డు ఇక్కణ్ణుంచి అక్కడికి మారుతుందే కానీ పోదు. ఇది అయ్యాకే ఎమరీ పేపర్ ముట్టుకోవాలి. ముందే పేపర్ కొడితే పాలిష్‌లోని సిలికాన్ ఆ గీతల్లోకి దిగి, చివర్లో రంగు వేసేటప్పుడు చిన్న చిన్న గుంటలుగా బయటపడుతుంది.

ఫ్రిజ్ తలుపుకు అంటించే అయస్కాంతం ఒకటి తీసుకుని పల్చని గుడ్డలో చుట్టి రేకంతా నడిపించండి. పట్టు సడలిన చోట కింద పాత లప్పం, అంటే పల్లాలు పూడ్చే ముద్ద, మందంగా ఉన్నట్టు. కారు ఎన్ని చేతులు మారిందో తెలియనప్పుడు ఈ పరీక్ష తప్పదు. పాత లప్పం దొరికితే మొత్తం తీసెయ్యండి. దాని మీద కొత్త లప్పం వేస్తే, కింద ఎవరు ఏం పాపం చేశారో అదంతా మన ఖాతాలోకి వస్తుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. పల్చని నూలు గుడ్డ మీద అరచెయ్యి ఆనించి, వేళ్లు కలిపి, రేకు పొడవునా ఆ చివర నుంచి ఈ చివరికి నెమ్మదిగా జరపండి. కళ్లు మూసుకుంటే ఇంకా మంచిది. వేలికొసలతో తడిమితే చిన్న గీత కూడా కొండలా తగులుతుంది కానీ, జానెడు వెడల్పున్న పల్లం తెలియదు. అది అరచేతికే తెలుస్తుంది. గుడ్డ ఎందుకంటే చర్మం రేకును పట్టుకోకుండా జారడానికి. ఎత్తు తగిలిన చోట సుద్దముక్కతో ఇంటూ గుర్తు, పల్లం తగిలిన చోట సున్నా పెట్టండి. కంటితో నిర్ధారించుకోవాలంటే రేకును నీళ్లతో తడిపి ట్యూబ్‌లైట్ కింద వాల్చి చూడండి. వెలుగుగీత ఎక్కడ వంకర పోతే అక్కడ తేడా ఉంది.

సొట్ట తీయడం

మట్‌గార్డ్ మీద, చక్రానికి కాస్త పైన, అరచేతి వెడల్పున సొట్ట ఉందనుకుందాం. వెనక నుంచి నడిమధ్యలో సుత్తితో ఒక్కటిస్తే పైకి వచ్చేస్తుంది కదా అనిపిస్తుంది. వస్తుంది, కానీ రేకు సాగుతుంది. సాగిన రేకుకు ఉన్న చోటు చాలదు. వేలితో నొక్కితే టక్కున లోపలికి పోయి, వదిలితే టక్కున బయటికి వస్తుంటుంది. దాన్ని మళ్లీ కుదించాలంటే గ్యాసుతో ఎర్రగా కాల్చి తడిగుడ్డతో చల్లార్చాలి. అది చెయ్యి తిరిగిన టింకర్ పని, ఇంట్లో వద్దు.

సొట్టను కాసేపు ఊరికే చూడండి. లోతుగా కనిపించే నడిమి భాగం నిజానికి అంతగా దెబ్బతినలేదు. చుట్టూ లేచిన గట్టే దాన్ని అలా లోపల పట్టి ఉంచింది. దెబ్బ తగిలినప్పుడు రేకు మడతపడిందీ, గట్టిపడిందీ ఆ గట్టు దగ్గరే. దాన్ని సడలిస్తే నడుమ భాగం చాలావరకు తనంతట తానే లేస్తుంది. సొట్ట ఏ వరుసలో పడిందో దానికి ఎదురు వరుసలో తీయాలనేది పాత మేస్త్రీల పద్ధతి. అంటే చివరగా ఏర్పడిన బయటి అంచు ముందు, మొదట తగిలిన చోటు చివర.

డాలీ అంటే గుప్పిట్లో ఇమిడే ఇనుప దిమ్మ. దానికి ఒక్కోవైపు ఒక్కో వంపు ఉంటుంది, రేకు వంపుకు దగ్గరగా ఉన్నవైపు వాడాలి. ఎడమ చేత్తో డాలీని రేకు వెనక పల్లం కింద గట్టిగా అదిమి పట్టుకోండి. కుడి చేత్తో, బయటి నుంచి, పక్కనున్న గట్టు మీద చిన్నగా కొట్టండి. గట్టు కొంచెం దిగుతుంది, అదే క్షణంలో డాలీ ఒత్తిడికి పల్లం కొంచెం లేస్తుంది. గట్టు చుట్టూ తిరుగుతూ, లోపలికి వస్తూ కొట్టాలి. దెబ్బ మణికట్టు నుంచి రావాలి, మోచేతి నుంచి కాదు.

చెవి కూడా పనిచేయాలి. సుత్తి సరిగ్గా డాలీ మీద పడితే ఖంగుమంటుంది, పక్కన పడితే ఆ చప్పుడు మొద్దుగా వస్తుంది. ఇప్పుడు మనకు కావలసింది మొద్దు చప్పుడే. ఖంగుమన్న ప్రతిసారీ రేకు రెండు ఇనుముల మధ్య నలిగి కాస్త సాగుతోందని అర్థం. ఆ దెబ్బలు ఆఖర్లో చిన్నచిన్న బుడిపెలు సర్దడానికి రెండో మూడో చాలు.

ఎక్కడ ఆపాలో తెలియకే సగం రేకులు పాడవుతాయి. ఎత్తు ఎక్కడా మిగలకూడదు, పల్లం ఒకటి రెండు మిల్లీమీటర్లు మిగిలినా పర్వాలేదు. ఆ పల్లం లప్పం చూసుకుంటుంది. ఎత్తు మిగిలిందా, దాన్ని మరుగుపరచడానికి రేకంతా లప్పం పులమాల్సి వస్తుంది.

తలుపు కింది అంచు

తలుపులో నీళ్లు పడకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. అద్దానికీ రబ్బరుకూ మధ్య నుంచి వాన నీరు లోపలికి దిగుతూనే ఉంటుంది. అది బయటికి పోవడానికి కంపెనీవాళ్లే కింది అంచున చిన్న రంధ్రాలు పెట్టారు. దుమ్మూ ఆకులూ చేరి అవి మూసుకుపోతే, బయటి రేకు లోపలి రేకు మీదికి మడత వేసిన చోట నీరు నిలిచిపోతుంది. తలుపు అడుగున రంగు బుడగలు లేచాయంటే తుప్పు బయట మొదలవలేదు, లోపలి నుంచి తినుకుంటూ వచ్చి ఇప్పుడు మొహం చూపిస్తోంది. కాబట్టి బయట ఎంత ముస్తాబు చేసినా, ఆ రంధ్రాలను ఒక తీగతో పొడిచి తెరవకపోతే వచ్చే వర్షాకాలానికి కథ మళ్లీ మొదటికే.

బుడగ మీద స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడవండి. జంకొద్దు. దిగబడిపోయే రేకు ఇప్పుడే దిగబడటం మనకే మంచిది. దిగకపోతే వైరు బ్రష్‌తోనో, గ్రైండర్‌కు తీగల కప్పు తగిలించో రంగునూ తుప్పునూ దులపండి. రాయి చక్రం మాత్రం పెట్టొద్దు. రేకు నీలం తిరిగిందంటే వేడికి వంకర పోతోందని తెలుసుకోండి. కళ్లద్దాలూ, ఎన్95 మాస్కూ ఉండాల్సిందే. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది, ఆ దుమ్ము పిల్లలు తిరిగే చోట రేగనివ్వొద్దు.

ఎంత దులిపినా సూదిమొనంత గుంటల్లో నల్లగా కొంత మిగులుతుంది. దానికి ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పు మందు చేతికి గ్లవ్స్ వేసుకుని, బ్రష్‌తో ఆ గుంటల మీద మటుకే రాయండి. డబ్బా మీద చెప్పిన సమయం ఉంచి, నీళ్లతో బాగా కడిగి, వెంటనే గుడ్డతో తుడిచి ఎండలోనో హెయిర్ డ్రయర్‌తోనో ఆరబెట్టాలి. ఆమ్లం మిగిలిపోతే దాని మీద లప్పమూ పట్టదు, రేకుకు తుప్పు పట్టకుండా వేసే ఎపాక్సీ ప్రైమర్ కూడా సరిగ్గా గట్టిపడదు. ఆ తర్వాత రేకును ఒట్టి చేతులతో ముట్టుకోకండి. చెమటలో ఉన్న ఉప్పుకు తెల్లారేసరికి మీ వేలిముద్రలే తుప్పుమరకలై కనిపిస్తాయి.

చిల్లు పడితే? లప్పంతో మూయడానికి లేదు. మామూలు పాలియెస్టర్ లప్పంలో టాల్క్ పొడి ఎక్కువ, అది నీళ్లు పీల్చుకుంటుంది. వెనక నుంచి తడి తగిలి, కింద తుప్పు పెరిగి, ఒక్క వానాకాలంలో అప్పడంలా లేచిపోతుంది. మంచి రేకు తగిలేదాకా కోసి, ఆ కొలతకు ముక్క కత్తిరించుకుని తలుపును ఆటోనగర్‌కో, దగ్గర్లోని సీఓటూ వెల్డింగ్ షాపుకో పట్టుకెళ్లండి. గీతలా ఏకధాటిగా కాకుండా, దూరం దూరంగా చుక్కలు పెట్టి, చల్లారాక మధ్యలో నింపమని చెప్పండి. లేకపోతే ఆ వేడికి తలుపు మొత్తం అలలు తిరుగుతుంది.

ఎపాక్సీ ముందా, లప్పం ముందా?

మేస్త్రీలు తగువుపడే విషయమిది. కర్నూలు, అనంతపురం లాంటి పొడి ఊళ్లలో శుభ్రమైన ఒట్టి రేకును 80 నంబరు పేపర్‌తో గరుకు చేసి నేరుగా లప్పం పెట్టినా నడుస్తుంది. విశాఖ, కాకినాడ వైపు ఒట్టి రేకు పూట తిరక్కుండానే ఎర్రబారుతుంది. అక్కడ ముందు ఎపాక్సీ ప్రైమర్ ఒక కోటు వేసి, డబ్బా మీద చెప్పినంతసేపు ఆరనిచ్చి, పైపైన గరుకు చేసి, దాని మీద లప్పం పెట్టుకోవాలి. నా ఓటు అన్ని ఊళ్లకూ రెండోదానికే, ఎందుకంటే ఇంటి పని ఆదివారం నుంచి ఆదివారానికి వాయిదా పడుతుంటుంది. ఎపాక్సీని స్పాంజి రోలర్‌తో కూడా వేయొచ్చు, స్ప్రే గన్ అక్కర్లేదు. ఎచ్ ప్రైమర్ అనే ఆమ్లపు రకం మీద మాత్రం లప్పం ఎప్పుడూ పెట్టొద్దు.

లప్పం కలపడం

లప్పాన్ని గట్టిపరిచే హార్డెనర్, లప్పం బరువులో నూటికి రెండు పాళ్లు. 50 గ్రాముల లప్పానికి ఒక గ్రాము. వంటింటి త్రాసు కాకుండా నగల తూకానికి వాడే చిన్న డిజిటల్ త్రాసు ఒకటి కొనుక్కోండి, ఖరీదు పెద్దగా ఉండదు. త్వరగా గట్టిపడుతుందని హార్డెనర్ ఎక్కువ వేస్తే, అందులోని పెరాక్సైడ్ మిగిలిపోయి పై రంగులోకి ఊరి మరకగా తేలుతుంది. తెల్ల కారు మీద ఇది మరీ అసహ్యంగా కనిపిస్తుంది. తక్కువైతే లోపల మెత్తగానే ఉండిపోతుంది. మామూలు వేడిలో కలిపిన ముద్ద నాలుగైదు నిమిషాలు ఆగుతుంది. మే నెల మధ్యాహ్నం అయితే బ్లేడు ఎత్తేలోపే రాయైపోతుంది. పొద్దున్నే చేసుకోండి, కొంచెం కొంచెమే కలుపుకోండి.

కలిపేటప్పుడు గాజు పలక మీద వేసి, బ్లేడుతో అదుముతూ మడత పెట్టాలి. గారెల పిండిలా గిలక్కొడితే గాలి చొరబడి, రుద్దాక సూదిబెజ్జాలు తేలతాయి. రంగు చారలు లేకుండా ఒకే తీరుగా వచ్చాక, మొదటి పూత బలంగా అదిమి గీతల్లోకి ఎక్కించండి. రెండోది దాని మీద నింపడానికి. పల్లం అంచు దాటి రెండంగుళాల దాకా పల్చబడుతూ పోవాలి. మొత్తం మందం మూడు మిల్లీమీటర్లు దాటిందంటే మీ సుత్తి పని పూర్తి కాలేదన్నమాట, మళ్లీ డాలీ అందుకోండి.

అరగంటకు రుద్దడం మొదలుపెట్టొచ్చు, పొడిగానే. లప్పం మీద నీళ్లు పోసి రుద్దే అలవాటు మన షాపుల్లో ఎక్కువ. లప్పం నీళ్లు పీల్చుకుంటుందని పైన చెప్పాను కదా, అందుకే అది వద్దు. జానెడు పొడవున్న చదునైన చెక్కముక్కకు 80 నంబరు పేపర్ చుట్టి, ఇంటూ గుర్తులా ఐమూలగా రెండువైపులా లాగండి. వంపుల దగ్గర హవాయి చెప్పు ముక్క చక్కగా పనికొస్తుంది. వేళ్లతో పేపర్ పట్టుకుని రుద్దితే వేళ్ల మధ్య గాడులు పడతాయి. సగం పనిలో చుట్టూ ఇనుము మెరిసి, నడుమ లప్పం ఇంకా తాకకపోతే అక్కడ పల్లం ఉంది, ఇంకో పూత కావాలి. నడుమే ఇనుము మెరిసిందంటే అక్కడ ఎత్తు మిగిలిపోయింది, రుద్దడం ఆపి సుత్తితో సర్దండి. 80 తర్వాత 120, ఆపైన 180, 240. పాత రంగు అంచు దగ్గర పొరలు పొరలుగా వలయాలు కనబడాలి, చెయ్యి జరిపితే మెట్టు తగలకూడదు.

చివర్లో మిగిలే సూదిబెజ్జాలకు ఎన్‌సీ పుట్టీ వాడొచ్చు, గోటి మీద పూసినంత పల్చగా. అది థిన్నర్ ఆవిరై ఆరే రకం, కాబట్టి ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది. మందంగా వేస్తే రంగు వేసిన కొన్నాళ్లకు అక్కడే గుంటో పగులో కనిపిస్తుంది.

వచ్చే పాఠానికి

సర్ఫేసర్ (రంగుకు ముందు వేసే నునుపు పూత), గైడ్ కోట్ (రుద్దేటప్పుడు ఎత్తుపల్లాలు చూపించే పల్చని పూత), 400 నుంచి 800 దాకా వాటర్ పేపర్ పని నాలుగో పాఠంలో. షాపువాడు "టూకే పీయూ తీసుకోండి సార్, గట్టిగా ఉంటుంది" అంటాడు. టూకే పీయూ అంటే హార్డెనర్ కలిపి కొట్టే పాలియురెథేన్ రంగు. గట్టిగా ఉండే మాట నిజమే. దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, స్ప్రే చేసినప్పుడు పీలిస్తే ఆస్తమా రావచ్చు, దుమ్ము మాస్కు వాటిని ఆపలేదు. ఇంట్లో కొట్టడానికి ఏది తీసుకోవాలో అప్పుడు చెప్తాను, అందాకా కొనకండి. రంగు మార్చే ఆలోచన ఉన్నవాళ్లు ఆర్టీఏ ఆఫీసులో ముందే కనుక్కోండి, ఆర్సీలో రాసిన రంగు వేరైతే దాన్ని మార్పించుకోవాలి.

ఈలోగా ఏదైనా స్క్రాపు షాపులో పనికిరాని మట్‌గార్డ్ ఒకటి కొని, దానికి మీరే సొట్ట పెట్టి, మీరే తీయండి. మొద్దు చప్పుడుకూ ఖంగు చప్పుడుకూ తేడా చెవికి పట్టుబడ్డాకే మీ కారు మట్‌గార్డ్ మీద చెయ్యి వేయండి.