పందొమ్మిది మంది పిలకాయల షో: ఎట్లా చూడాలి, ఎక్కడ ఆపాలి

పందొమ్మిది మంది పిల్లలున్న ఒక అమెరికా కుటుంబం రియాలిటీ షో ఉంది, దాని మొదటి ఎపిసోడ్ సౌండ్ తీసేసి చూడండి. సబ్‌టైటిల్స్ కూడా వద్దు. తెర మీద చంటిబిడ్డ కనిపించిన ప్రతిసారీ ఆ బిడ్డ ఎవరి చంకలో ఉందో గమనించండి, అంతే. అమ్మ దగ్గరా, నాన్న భుజం మీదా, లేక పన్నెండేళ్ల అక్క నడుం మీదా? పెద్ద కుటుంబాల రియాలిటీ షోలు చూడడానికి నాకు తెలిసిన పద్ధతుల్లో ఇదే మంచిది, ఎందుకంటే మాటలు వింటూ ఉంటే వాళ్లు చెప్పే కథలో పడిపోతాం, చేతులు చూస్తే ఆ ఇల్లు ఎవరి కష్టం మీద నడుస్తోందో తెలిసిపోతుంది.

నేను ముఖ్యంగా చెప్తున్నది అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రానికి చెందిన డగ్గర్ కుటుంబం గురించి. తల్లిదండ్రులు జిమ్ బాబ్, మిషెల్. పిల్లలు పందొమ్మిది మంది, అందులో పదిమంది మగ, తొమ్మిదిమంది ఆడ, అందరి పేర్లూ ఇంగ్లీషు ‘జె’ అక్షరంతోనే మొదలవుతాయి. టీఎల్‌సీ చానెల్ 2008లో ‘17 కిడ్స్ అండ్ కౌంటింగ్’ అని మొదలుపెట్టింది, బిడ్డ పుట్టినప్పుడల్లా పేరులో అంకె మారుతూ 19 దగ్గర ఆగింది. షో 2015లోనే రద్దయింది గానీ దాని ముక్కలు ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతూనే ఉన్నాయి.

మన దగ్గర ఇది ఒట్టి కాలక్షేపం కాదని నా అభిప్రాయం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో (2019-21) మన ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున 1.7 పిల్లలే అని తేలింది. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదన్న పాత నిబంధనను 2024లో తీసేశారు. ఎక్కువమందిని కనండి అన్న మాట ఇప్పుడు పెద్ద పెద్ద సభల్లోనే కాదు, ఒంగోలు బస్టాండులో టీ తాగుతున్నా వినిపిస్తుంది. ఇట్లాంటప్పుడు ఎవరో ఒకరు ఫోను చూపించి ‘చూడు, వాళ్లు పందొమ్మిది మందిని పెంచలా?’ అంటారు. పెంచారు, నిజమే. ఎవరు పెంచారు అన్నదే చూడాల్సింది.

సరే, వరస చెప్తాను. ముందు పాత ఎపిసోడ్లు ఒక రెండు మూడు చూడండి, తర్వాత ఆపేసి ప్రైమ్ వీడియోలో 2023లో వచ్చిన ‘షైనీ హ్యాపీ పీపుల్’ అన్న నాలుగు భాగాల డాక్యుమెంటరీ చూడండి, అది అయ్యాక మళ్లీ పాతవాటికి రండి. డాక్యుమెంటరీతోనే మొదలుపెడితే ఆ షోను జనం ఎందుకంత ఇష్టపడ్డారో మీకు అర్థం కాదు, అసలు డాక్యుమెంటరీ చూడకుండా వదిలేస్తే సగమే చూసినట్టు. షోలో ప్రేమ కనిపిస్తుంది, నవ్వులు కనిపిస్తాయి, అవి దొంగవని నేను అనను. ఆ పిల్లలు ఒకరంటే ఒకరికి ప్రాణం అన్నట్టే ఉంటారు.

రెండోసారి సౌండ్ పెట్టుకుని చూసేటప్పుడు ‘బడ్డీ’ అన్న మాట వచ్చిన చోటల్లా ఆగండి. ఆ ఇంట్లో పెద్దపిల్లలకు తలా ఒక చిన్నబిడ్డను అప్పగిస్తారు, ఆ బిడ్డే ‘బడ్డీ’, అంటే జత. లేపడం, తల దువ్వడం, తినిపించడం, పాఠం దగ్గర కూర్చోబెట్టడం, బస్సు ఎక్కేటప్పుడు తన బడ్డీ ఉందో లేదో చూసుకోవడం, అన్నీ ఆ పెద్దపిల్ల మీదే. ఇంటి పనులు కూడా పేరుపేరునా పంచేసి ఉంటాయి. పందొమ్మిది మందిని గొడవ లేకుండా నడిపించడం చిన్న విషయం కాదు, ఆ క్రమశిక్షణ చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. కానీ పద్నాలుగేళ్ల ఆడపిల్లకు రోజంతా ఒక బిడ్డ బాధ్యత ఉంటే ఆమె చదువు ఎప్పుడు, ఆట ఎప్పుడు? వాళ్లందరికీ చదువు ఇంట్లోనే, కాబట్టి బడికి పోయి కాసేపైనా ఊపిరి పీల్చుకునే వీలు కూడా లేదు. ఒక కాగితం తీసుకుని మగపిల్లలు చేసే పనులు ఒక పక్క, ఆడపిల్లలు చేసేవి ఒక పక్క రాస్తూ పోండి. నాలుగు ఎపిసోడ్లు అయ్యేసరికి ఎవరి పక్క నిండిపోయిందో చూసుకోండి.

ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్ల పక్కన కూర్చుని చూడండి, ఇది తప్పకుండా చేయాల్సిన పని. ‘మా అమ్మకి తొమ్మండుగురం, ఇందులో గొప్పేముంది’ అనే మొదలుపెడతారు. వాదన పెట్టుకోకండి. ‘నిన్నెవరు ఎత్తుకుని తిరిగారు అవ్వా?’ అని అడిగి ఊరుకోండి. మా అత్తయ్యది కందుకూరు పక్కన పల్లె, ఆమెను అడిగితే ‘మా అమ్మకి యాడ తీరిక, తెల్లారితే పొగాకు పనికి పొయ్యేది. నన్ను ఎత్తుకునింది మా పెద్దక్కే గదా, నా కోసరం ఐదో తరగతితో బడి మానుకునింది’ అన్నారు. ఆ తర్వాత ఇంకాస్త అడిగితే తొమ్మిదిమంది పుట్టి ఆరుగురే దక్కారన్న సంగతి కూడా చెప్పారు. మన పాత పెద్ద కుటుంబాల గురించి గొప్పగా చెప్పుకునేటప్పుడు పోయిన బిడ్డల లెక్కా, బడి మానేసిన అక్కల లెక్కా ఎవరూ చెప్పరు. అడిగితేనే వస్తాయి. అమెరికా ఆడపిల్లల గురించి అయితే మీకు ఏదో అభిప్రాయం ఉండొచ్చు, అదే మీ ఇంటి పెద్దక్క గురించి అయితే మాట మారిపోతుంది.

వంట, షాపింగ్ ఎపిసోడ్లు అందరికీ నచ్చుతాయి. ఉర్లగడ్డ ముక్కలు, కైమా, డబ్బా సూపు కలిపి పెద్ద ట్రేలలో ఓవెన్లో పెట్టే ఒక వంట వాళ్లకు బాగా పేరు తెచ్చింది. అవి చూసేటప్పుడు మన లెక్కలోకి మార్చుకోండి. తల్లిదండ్రులతో కలిపి ఇరవై ఒక్కమంది, మనిషికి నాలుగు ఇడ్లీలంటే ఒక్క పూటకు ఎనభై నాలుగు. మనిషికి రోజుకు 300 గ్రాముల బియ్యం అనుకుంటే ఇంటికి ఆరు కిలోల పైన, నెలకు పాతిక కిలోల బస్తాలు ఏడెనిమిది. ఇక నీళ్లు: కనిగిరి, పామూరు వైపు ఎండాకాలంలో ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టినవాళ్లకు ఆ ఇంట్లో వరసగా తిరిగే వాషింగ్ మెషీన్లు చూపిస్తే ఇంకేమీ వివరించక్కర్లేదు.

డబ్బు విషయంలో మాత్రం గట్టిగా జాగ్రత్త పడాలి. అప్పు చేయకూడదు, వాడిన వస్తువు కొని మిగిలింది దాచుకోవాలి అని వాళ్లు మాటిమాటికీ చెప్తారు, మంచి మాటే, పాటించండి కూడా. అయితే పొదుపుతోనే పందొమ్మిది మందిని పెంచేశారని అనుకుని మీ జీతానికి ఆ లెక్క వేయకండి. ఆ ఇంటికి అద్దెలొచ్చే ఆస్తులున్నాయి, తండ్రి జిమ్ బాబ్ ఒకప్పుడు రాష్ట్ర శాసనసభ్యుడు, టీవీ సంపాదన ఉండేది. సుమారు ఏడు వేల చదరపు అడుగుల ఆ ఇంటిని వాళ్లు సొంతంగా కట్టుకున్నా చివరి హంగులకూ సామానుకూ చానెలు, స్పాన్సర్లు సాయం చేశారు. మరి కెమెరా ముందు పనిచేసిన పిల్లలకు ఏం ముట్టింది? రెండో కూతురు జిల్ పెద్దయ్యాక ఈ విషయం బయటపెట్టింది: ఏళ్ల తరబడి తనకు డబ్బేమీ రాలేదనీ, పెళ్లి హడావిడిలో ఏ కాగితమో సరిగా తెలియకుండానే సంతకం పెట్టాననీ చెప్పింది. 2023లో తన అనుభవాలతో పుస్తకం కూడా రాసింది. ఇది తెలిశాక ఆమె పెళ్లి ఎపిసోడ్ చూడండి, పూలూ కేకూ కాదు, ఆ పిల్ల ముఖమే కనిపిస్తుంది మీకు.

కాన్పుల ఎపిసోడ్లు ఇంట్లో గర్భిణీలుంటే వాళ్ల ముందు పెట్టకండి, టెన్షన్ పడతారు. మిగతావాళ్లు చూడొచ్చు, చూడాలి కూడా. 1988 నుంచి 2009 దాకా ఇరవై రెండేళ్లు నిండకుండానే పదిహేడు కాన్పులు, వాటిలో రెండుసార్లు కవలలు. చివరి బిడ్డ 2009 డిసెంబరులో దాదాపు మూడున్నర నెలల ముందే పుట్టింది, బరువు 620 గ్రాముల దాకా. తల్లికి బీపీ పెరిగి, మన పెద్దవాళ్లు గుర్రపువాతం అనే జబ్బుకు ముందుండే స్థితి వచ్చింది, అత్యవసరంగా ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. బిడ్డ బతికింది, తల్లీ బతికింది, పెద్ద ఆస్పత్రి, నెలల తరబడి చికిత్స ఉన్నాయి కాబట్టి. షో దీన్ని దేవుడి అద్భుతంగా చెప్తుంది, వాళ్ల నమ్మకం వాళ్లది. మీరు మాత్రం పక్కన ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి: ఒక కాన్పు తర్వాత కనీసం రెండేళ్లు ఆగి మళ్లీ గర్భం దాల్చమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. కొత్తగా పెళ్లయిన పిల్లలతో చూస్తుంటే ఇక్కడ ఆపి ఈ మాట చెప్పండి.

ఇంతమందిని ఎందుకు కన్నారంటే, మొదటి బిడ్డ తర్వాత గర్భనిరోధక మాత్రలు వాడుతుండగా గర్భం వచ్చి పోయిందట, ఆ మాత్రల వల్లే అని నమ్మి ఇక దేవుడికే వదిలేశారు. దాని వెనక బిల్ గోథార్డ్ అనే క్రైస్తవ బోధకుడు పెట్టిన ఒక సంస్థ బోధనలు కూడా ఉన్నాయి, తండ్రి మాటే శాసనం, ఆడపిల్ల విధేయంగా ఉండాలి అనే తీరు. చాలామంది స్త్రీలు ఆయన మీద లైంగిక వేధింపుల ఆరోపణలు చేశాక 2014లో ఆయన పదవి వదిలేశాడు. డాక్యుమెంటరీ ఎక్కువగా ఈ సంస్థ గురించే.

ఇప్పుడు కష్టమైన మాట. షో ఆగిపోవడానికి కారణం తెలుసుకోకుండా పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడకండి. పెద్ద కొడుకు మైనరుగా ఉన్నప్పుడు సొంత చెల్లెళ్లతో సహా కొందరు ఆడపిల్లలను అసభ్యంగా తాకాడన్న సంగతి 2015 మేలో బయటపడింది, జూలైలో షో రద్దయింది. పిల్లల లైంగిక వేధింపుల దృశ్యాలు దగ్గర పెట్టుకున్న కేసులో అతనికి 2021లో నేరం రుజువై, 2022లో పన్నెండేళ్లకు పైగా శిక్ష పడింది. ఆ ఎపిసోడ్లలో అందరూ నవ్వుతూ కనిపిస్తున్న రోజుల్లో ఆ చెల్లెళ్లు ఈ భారం మోస్తూనే కెమెరా ముందు కూర్చున్నారు. పన్నెండు దాటిన పిల్లలైతే ఇది దాచకుండా మామూలు మాటల్లో చెప్పండి, ఇంట్లో మనిషైనా సరే తప్పుగా తాకితే చెప్పాలి, చెబితే మేము నమ్ముతాం అని. చిన్నపిల్లలకైతే ఈ షో వద్దు.

పిల్లలతో హాయిగా చూడదగింది కావాలంటే ఇంగ్లండులో మోర్కమ్ అనే ఊరి రాడ్‌ఫర్డ్ కుటుంబం ఉంది, ఇరవై రెండుమంది పిల్లలు, బేకరీ నడుపుకుని బతుకుతారు, తండ్రి పనిచేస్తూ కనిపిస్తాడు. అక్కడ కూడా చంటిబిడ్డ ఎవరి దగ్గరుందో చూడడం మానకండి. కవలలూ, ఒకే కాన్పులో ఆరుగురూ పుట్టిన అమెరికాలోని గాసెలిన్ కుటుంబం షో 2007లో మొదలై 2009లో భార్యాభర్తల విడాకుల దాకా పోయింది, అది నేను ఎవరికీ చూడమని చెప్పను, పిల్లల ముందే ఇల్లు విరిగిపోవడం వినోదం కాదు.

చివరగా మన సొంత వీధి. నెల్లూరులోనూ, ఒంగోలులోనూ ఇంట్లో పిలకాయలతో వీడియోలు తీసి పెట్టేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు, వాళ్లలో మంచి తల్లిదండ్రులే ఎక్కువ. వాటినీ ఇదే కళ్లతో చూడండి. సినిమాలు, సీరియళ్లలో నటించే పిల్లల కోసం మన దేశంలో నిబంధనలున్నాయి: జిల్లా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి, రోజుకు ఐదు గంటలు మించకూడదు, విశ్రాంతి లేకుండా మూడు గంటలు మించకూడదు, సంపాదనలో కనీసం 20 శాతం ఆ బిడ్డ పేరున జాతీయం చేసిన బ్యాంకులో డిపాజిట్ చేయాలి. ఇంట్లో ఫోనుతో తీసే వాళ్లు కూడా ఇదే కొలత పెట్టుకుంటే బాగుంటుంది. బిడ్డ ఏడుస్తుంటే, స్నానం చేస్తుంటే, జ్వరంతో పడుకుని ఉంటే తీసిన వీడియో కనిపిస్తే లైక్ కొట్టకండి, ఎవరికీ పంపకండి. తీసినవాళ్లు తెలిసినవాళ్లయితే అందరూ చూసేలా కామెంట్ రాయకుండా ఫోన్ చేసి, ‘ఇది తీసెయ్ అమ్మా, పిల్ల పెద్దయ్యాక బాధపడుతుంది’ అని నేరుగా చెప్పండి.